బెర్రీ సాస్ నీళ్ళయిపోయిందా? ముందు చల్లటి ప్లేట్ మీద చూడండి, తర్వాత నిమ్మరసం ఎప్పుడు పిండారో గుర్తు తెచ్చుకోండి

చలికాలం వచ్చిందంటే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. మహాబలేశ్వరం స్ట్రాబెర్రీలు డబ్బాల్లో మన మార్కెట్లకి దిగుతాయి, లంబసింగి వెళ్ళొచ్చినవాళ్ళు తోటలో కోసుకున్నవి పట్టుకొస్తారు, రెండ్రోజులు తిన్నాక మిగిలినవి మెత్తబడుతుంటే పారెయ్యడం ఎందుకులే సాస్ చేసేద్దాం అనుకుంటారు. పాన్‌కేకుల మీదకి, ఐస్‌క్రీం మీదకి, పిల్లల ఓట్స్‌లోకి. అక్కడిదాకా బానే ఉంటుంది, ఆ సాయంత్రానికి "అక్కా, నీళ్ళలా ఉంది, ఏం చెయ్యను" అని మెసేజ్ వస్తుంది. డాలస్‌లో ఉన్న మా చెల్లెలికైతే సీజన్ లేదు, దాని ఫ్రీజర్‌లో బ్లూబెర్రీలు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి ఏడాది పొడుగునా ఇదే గోల.

ఎనిమిదేళ్ళుగా చేస్తున్నా ఈ సాస్, ఇంట్లోకీ, ఆర్డర్ మీద ఇచ్చే చీజ్‌కేక్ జార్లకీ. కింద రాసిందంతా ఒకటే కొలత మీద: పావు కిలో బెర్రీలు, నాలుగు టేబుల్ స్పూన్ల పంచదార, చిటికెడు ఉప్పు, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్, అర చెక్క నిమ్మకాయ. ఇది ఒక కప్పుకి కాస్త అటూఇటూగా వస్తుంది. కడగడం, తొడిమలు తియ్యడం, ముక్కలు కొయ్యడం ఇవన్నీ మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి పోను.

ఏ సమస్యైనా సరే, ముందు ప్లేట్

దయచేసి ఈ ఒక్క పని చెయ్యండి. ఫోన్ చేసినవాళ్ళలో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది ఇది చెయ్యలేదనే చెప్తారు, "గరిటెతో ఎత్తి చూశానక్కా, జారిపోతోంది" అంటారు. గరిటెతో ఎత్తి చూస్తే జారిపోతుంది, పొయ్యి మీద సలసలా మరుగుతున్నది జారక ఏం చేస్తుంది. బెర్రీ సాస్ చిక్కదనం వేడి మీద తెలియదు. పంచదార పాకం చల్లారితేనే బిగుస్తుంది, పండులో ఉండే పెక్టిన్ (జామ్‌ని గట్టిపరిచే పదార్థం ఇదే) చల్లారితేనే పట్టుకుంటుంది, కార్న్‌ఫ్లోర్ కూడా చల్లారాకే తన అసలు చిక్కదనం చూపిస్తుంది. అరిసెలకి పాకం పట్టేటప్పుడు ఒక చుక్క నీళ్ళలో వేసి ఉండ అవుతోందో లేదో చూడకుండా ఎవరైనా పిండి పోస్తారా? పొయ్యి మీద పాకాన్ని కంటితో చూసి ఎవరూ నమ్మరు కదా, మరి దీన్ని మాత్రం ఎందుకు నమ్ముతారో నాకు అర్థం కాదు.

చిన్న స్టీల్ ప్లేటు ఒకటి పది నిమిషాల ముందే ఫ్రీజర్‌లో పడెయ్యండి. సాస్ అయింది అనిపించినప్పుడు మంట పూర్తిగా ఆపేసి (ఆపకపోతే మీరు చూసేలోపు అది ఇంకా దగ్గరపడిపోతుంది), అర చెంచా ఆ ప్లేట్ మీద వేసి ఒక నిమిషం ఆగి, మధ్యలో వేలితో గీత గియ్యండి. గీత వెంటనే మూసుకుపోతే ఇంకొంచెం కావాలి. రెండు మూడు సెకన్లు నిలబడి నెమ్మదిగా మూసుకుంటే పాన్‌కేకుల మీద పోసుకునే సాస్ అది. గీత అలాగే ఉండిపోయి అంచులు నిలబడితే చీజ్‌కేక్ మీదకి బావుంటుంది. వేలితో తోస్తే ముడతలు పడుతుంటే మీరు జామ్ చేసేశారు.

పల్చగా ఉందని వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా ఈ ప్లేట్ దగ్గరే తేలిపోతాయి, అంటే అసలు సమస్యే లేదు, చల్లారితే సరిపోయేది. వేడి మీద చూసి కంగారుపడి ఇంకో చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపినవాళ్ళకి మర్నాడు ఫ్రిజ్‌లోంచి హల్వా ముక్కలా బయటికొస్తుంది.

"నిన్న చిక్కగా ఉంది, ఇవాళ నీళ్ళు" / "ఎంత మరిగించినా చిక్కబడట్లేదు"

రెండూ వేరే సమస్యల్లా కనిపిస్తాయి గానీ చాలాసార్లు కారణం ఒకటే. నాకు పెద్ద దెబ్బ తగిలింది కూడా దీనివల్లే, అందుకే కాస్త వివరంగా చెప్తా.

ఆరేళ్ళ కిందట ఒక పుట్టినరోజుకి ఇరవై నాలుగు చీజ్‌కేక్ జార్లు ఒప్పుకున్నా. అప్పటిదాకా పావు కిలోతో చేసినప్పుడు ఎప్పుడూ తేడా రాలేదు, ఆ ధైర్యంతో కిలోన్నర స్ట్రాబెర్రీలు పెద్ద గిన్నెలో వేశా. అప్పట్లో నా పద్ధతి ఏంటంటే పండు, పంచదార, నిమ్మరసం, నీళ్ళలో కలిపిన కార్న్‌ఫ్లోర్ అన్నీ మొదట్లోనే ఒకేసారి వేసేసి పొయ్యి మీద పెట్టడం. పెద్ద గిన్నె కాబట్టి మరగడానికే చాలాసేపు పట్టింది. ఒక దశలో బాగా చిక్కబడింది, చూశా, ఇంకో ఐదు నిమిషాలు ఉంటే ఇంకా బావుంటుంది అనుకున్నా. తీరా ఆ ఐదు నిమిషాలకి పల్చబడింది. పండు నీరు వదులుతోందేమో అనుకుని ఇంకా మరిగించా, ఇంకా పల్చబడింది. కార్న్‌ఫ్లోర్ మళ్ళీ కలిపి పోశా, చిక్కబడింది, నమ్మకం కుదరక మళ్ళీ పది నిమిషాలు మరిగించా. రాత్రి జార్లలో పోసినప్పుడు ఒక మాదిరిగా ఉంది. పొద్దున ఫ్రిజ్ తీస్తే ప్రతి జార్‌లోనూ ఎర్రటి నీళ్ళు క్రీం పక్కనుంచి కిందకి దిగిపోయి అడుగున బిస్కెట్ పొర మొత్తం నానిపోయి ఉంది. ఇరవై నాలుగూ. వాళ్ళకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పి డబ్బులు వెనక్కి ఇచ్చిన రోజు నాకు ఇంకా గుర్తే.

ముందు పండుని తిట్టుకున్నా, తర్వాత కార్న్‌ఫ్లోర్ పాతదేమో అనుకుని కొత్త ప్యాకెట్ తెచ్చా, ఫ్రిజ్ సరిగ్గా పనిచెయ్యట్లేదేమో అని కూడా అనుకున్నా. వారం తర్వాత ఇక ఇలా కాదని కూర్చుని ఒకే పండు ఉడికించి మూడు గిన్నెల్లోకి సమానంగా తీసి, మూడింట్లోనూ ఒకే కొలత కార్న్‌ఫ్లోర్ వేశా. మొదటి దాంట్లో నిమ్మరసం కూడా వేసి పన్నెండు నిమిషాలు మరిగించా. రెండో దాంట్లో నిమ్మరసం లేకుండా పన్నెండు నిమిషాలు. మూడోది ఒక్క నిమిషం మరిగించి స్టవ్ కట్టేసి, కాస్త వేడి తగ్గాక నిమ్మరసం కలిపా. ఎక్కువసేపు మరిగినవాటిలో ఆవిరైపోయిన నీళ్ళు కూడా కొలిచి మళ్ళీ పోశా, లేకపోతే పోలిక సరిగ్గా ఉండదు కదా. సాయంత్రానికి మొదటిది షర్బత్‌లా ఉంది. రెండోది అంత కాదు గానీ అదీ పల్చగానే ఉంది. మూడోది తేనెలా గరిటెకి పట్టుకుని నెమ్మదిగా జారింది.

సంగతేంటంటే కార్న్‌ఫ్లోర్ గింజలు వేడి నీళ్ళలో సగ్గుబియ్యంలా ఉబ్బి, నీళ్ళని తమలో పట్టుకుంటాయి, వాటిలోంచి బయటికొచ్చిన పొడుగాటి గొలుసులు మిగతా నీళ్ళని కదలనివ్వకుండా చేస్తాయి, మనం చిక్కదనం అనేది అదే. పులుపు, వేడి రెండూ కలిసి ఎక్కువసేపు ఉంటే ఆ గొలుసులు తెగిపోతాయి. ముక్కలైన గొలుసు నీళ్ళని పట్టుకోలేదు. పులుపు ఎంత ఎక్కువైతే, మరిగే సమయం ఎంత పెరిగితే అంత తెగుతాయి. స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ, రాస్ప్‌బెర్రీ అన్నీ సహజంగానే పుల్లటి పండ్లు, అందుకే నిమ్మరసం వెయ్యకపోయినా నా రెండో గిన్నె పల్చబడింది. నిమ్మకాయ తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

ఇది ఇన్నాళ్ళు నాకు ఎందుకు దొరకలేదంటే, చిన్న కొలతలో ఇది బయటపడదు. పావు కిలో పండు ఐదారు నిమిషాల్లో అయిపోతుంది, ఆ కాసేపట్లో తెగేది తక్కువ, మీకు తెలియనే తెలియదు. అదే పద్ధతి ఇంటికి చుట్టాలొచ్చారని నాలుగింతలు చేస్తే గిన్నె వేడెక్కడానికి, నీరు ఇగరడానికి నాలుగింతల సమయం పట్టి మొత్తం దెబ్బతింటుంది, మీరేమో "ఎప్పుడూ ఇలాగే చేస్తా కదా" అనుకుంటారు. ఇంకొకటి, పల్చగా ఉంటే మరిగించాలి అనేది మన చేతికి అలవాటైపోయింది. పప్పుచారు అయినా పాయసం అయినా మరిగిస్తే దగ్గరపడుతుంది. ఇక్కడ కార్న్‌ఫ్లోర్ పడ్డాక మరిగించడమే రోగం, మందు అనుకుని దాన్నే ఇంకా పోస్తుంటాం.

కాబట్టి వరస మార్చండి, ఇంకేం మార్చక్కర్లేదు. పండు మీద పంచదార, ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు ఊరనివ్వండి, దాని రసం అదే వదులుతుంది. మీడియం మంట మీద పెట్టి కార్న్‌ఫ్లోర్ లేకుండానే ఆరేడు నిమిషాలు ఉడికించండి, చిక్కబరచడంలో మీరు చెయ్యాల్సిన మరిగింపంతా ఇక్కడే అయిపోవాలి, నీరు ఎక్కువుంటే ఇక్కడే ఇగరబెట్టండి. రంగు, రుచి మీకు నచ్చినట్టు వచ్చాక కార్న్‌ఫ్లోర్‌ని ఒక టేబుల్ స్పూన్ చల్లటి నీళ్ళలో కలిపి సన్నగా పోస్తూ తిప్పండి. మొదట పాలు కలిపినట్టు మసకగా అవుతుంది, కంగారుపడొద్దు. గిన్నె అంచుల్లోనే కాకుండా మధ్యలో కూడా బుడగలు పగలడం మొదలయ్యాక ఒక్క నిమిషం, ఆ మసక పోయి అద్దంలా మెరుస్తుంది, అంతే, స్టవ్ కట్టెయ్యండి. ప్లేట్ మీద చూసుకోండి. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగే వేడికి వచ్చాక నిమ్మరసం పిండండి.

నిమ్మకాయ పులిహోర చేసేటప్పుడు స్టవ్ కట్టేశాకే కదా రసం పిండుతాం, పోపులో పోసి మరిగిస్తే చేదెక్కుతుందని మా అమ్మ చేతి మీద కొట్టేది. ఇక్కడా అదే. మరగని నిమ్మరసానికి ఉండే తాజా వాసన కూడా సాస్‌లో మిగులుతుంది, ఆ తేడా మీరే చూస్తారు.

ఇప్పటికే పల్చబడిపోయింది గిన్నెలో ఉంటే పారెయ్యొద్దు. దాన్ని ఇంకా మరిగించొద్దు కూడా. వేడి చేసి, అర టీస్పూన్ కొత్త కార్న్‌ఫ్లోర్ నీళ్ళలో కలిపి పోసి, మధ్యలో బుడగలొచ్చాక ఒక్క నిమిషం ఉంచి దించెయ్యండి. నిమ్మరసం అందులో ముందే ఉంది కాబట్టి మళ్ళీ పిండకండి. ఒకసారి సరిచేసిందాన్ని రెండోసారి సరిచెయ్యడం మాత్రం నేను చెయ్యను, పిండి రుచి వచ్చేస్తుంది, అది లస్సీలోకో మిల్క్‌షేక్‌లోకో వాడేస్తా.

"నిన్న చిక్కగా ఉంది" అనేవాళ్ళని నేను ఇంకో ప్రశ్న అడుగుతా: పొద్దున ఫ్రిజ్‌లోంచి తీసి ఎలా వేడి చేశారు? చాలామంది సీసా మొత్తం గిన్నెలో ఒంపి పొంగు వచ్చేదాకా కాచి, వాడుకున్నంత వాడుకుని మిగిలింది మళ్ళీ ఫ్రిజ్‌లో పెడతారు, మర్నాడు మళ్ళీ అంతే. నాలుగు రోజులకి నీళ్ళు. ఇదీ అదే పులుపు, అదే వేడి, విడతలవారీగా జరుగుతోంది అంతే. కావాల్సినంత చిన్న గిన్నెలోకి తీసుకుని వేడి నీళ్ళలో ఆ గిన్నె పెట్టండి, లేదా మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్లు. గోరువెచ్చగా అయితే చాలు.

పచ్చిపిండి వాసన, మసకగా ఉండటం

పై దానికి భయపడి కార్న్‌ఫ్లోర్ పోసిన వెంటనే దించేసినవాళ్ళకి వచ్చేది ఇది. చిక్కబడటం మరుగు రాకముందే మొదలవుతుంది కాబట్టి అయిపోయిందనిపిస్తుంది, కానీ గింజలు పూర్తిగా ఉబ్బలేదు, పైగా పంచదార కూడా నీళ్ళ కోసం పోటీ పడుతుంది కాబట్టి మామూలు గ్రేవీలో కంటే ఇక్కడ ఇంకాస్త వేడి కావాలి. ఫ్రిజ్‌లో పెట్టాక పైన నీళ్ళు తేరుకుంటాయి. మళ్ళీ పొయ్యెక్కించి ఆ ఒక్క నిమిషం పూర్తి చెయ్యండి. నిమిషం అంటే నిమిషమే, సున్నా కాదు, పదీ కాదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. మన దగ్గర కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి, వేళ్ళ మధ్య కిర్రుకిర్రుమనే పిండి. అక్కడ దాన్ని కార్న్ స్టార్చ్ అంటారు, కార్న్ ఫ్లోర్ అని రాసి ఉన్న ప్యాకెట్‌లో వచ్చేది మొక్కజొన్న గింజ మొత్తం మరపట్టిన పిండి. మా చెల్లెలు వెళ్ళిన కొత్తలో అదే వేసి రెండుసార్లు సాస్‌ని సంకటిలా చేసింది. పసుపచ్చగా ఉంటే అది కాదు.

తెల్లటి ఉండలు

పొడి పిండి వేడి సాస్‌లో నేరుగా చల్లారు. వడకట్టండి. తర్వాతిసారి చల్లటి నీళ్ళలో కలిపి పొయ్యండి, కలిపి పక్కన పెట్టిన పిండి గిన్నె అడుక్కి దిగిపోతుంది కాబట్టి పోసే ముందు ఇంకోసారి కలపండి.

ఫ్రోజెన్ బెర్రీలతో ఎప్పుడూ పల్చగానే వస్తోంది

మీరు నీళ్ళు పోశారు. గడ్డకట్టినప్పుడు పండులో ఉన్న నీరు మంచు పలుకులై లోపలి గోడల్ని చీల్చేస్తుంది, కరిగాక రసమంతా ఒక్కసారే బయటికి వస్తుంది, తాజా పండులా పట్టి ఉంచుకోదు. ఫ్రోజెన్ వాటికి ఒక్క చుక్క కూడా నీళ్ళు వద్దు. కరగబెట్టాల్సిన పని కూడా లేదు, ప్యాకెట్‌లోంచి నేరుగా గిన్నెలో వేసి సన్నమంట మీద పెడితే రెండు నిమిషాల్లో తన రసంలో తనే ఉడుకుతుంది. ఇగరడానికి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అది కార్న్‌ఫ్లోర్ పోసేముందే కానివ్వండి. వెడల్పాటి గిన్నె వాడండి, లోతు గిన్నెలో ఆవిరి పోవడానికి చోటుండదు.

జెల్లీలా బిగుసుకుపోయింది

బ్లూబెర్రీతో ఇది ఎక్కువ, దాంట్లో పెక్టిన్ స్ట్రాబెర్రీ కంటే ఎక్కువ కాబట్టి కార్న్‌ఫ్లోర్ లేకుండా చేసినా రాత్రి ఫ్రిజ్‌లో గట్టిపడొచ్చు. చెడిపోలేదు. ఒక్కో చెంచా వేడి నీళ్ళు పోస్తూ కలపండి, ఒకేసారి పావు గ్లాసు పొయ్యకండి. బ్లూబెర్రీకి నేను కార్న్‌ఫ్లోర్ అర టీస్పూన్‌కి మించి వెయ్యను, ఒక్కోసారి అసలు వెయ్యను.

రంగు పోయింది

ఎర్రగా ఉండాల్సింది ఇటుకరంగులోకి వచ్చిందంటే ఎక్కువసేపు ఉడికింది. స్ట్రాబెర్రీ రంగు వేడికి నిలబడదు, పది నిమిషాలు దాటితే మెరుపు పోతుంది. నేను మూడో వంతు ముక్కలు పక్కన ఉంచి స్టవ్ కట్టేశాక కలుపుతా, ఆ వేడికే మెత్తబడతాయి, రంగూ ముక్కా రెండూ మిగులుతాయి.

నీలంగానో బూడిదరంగుగానో మారితే రెండే కారణాలు. ఇనుప మూకుడులోనో, పూత లేని అల్యూమినియం గిన్నెలోనో చేశారు, ఆ లోహం పండు రంగుతో కలిసి రంగు మార్చేస్తుంది, పులుపుకి లోహం రుచి కూడా దిగుతుంది. చింతపండు పులుసు అల్యూమినియం గిన్నెలో పెట్టరు కదా, దీనికీ స్టీలు గిన్నే. లేకపోతే పులుపు తగ్గించడానికి ఎవరో చెప్పారని వంటసోడా వేశారు. బెర్రీల ఎరుపు పులుపు ఉన్నంతసేపే ఎరుపు, పులుపు విరిగిపోతే ఊదా, ఇంకా పోతే నీలం. ఒక పిసరు ఎక్కువైనా సబ్బు రుచి. పులుపు ఎక్కువైతే పంచదారే కలపండి. సోడా మరీ ఎక్కువ పడకపోతే నిమ్మరసంతో రంగు కొంత వెనక్కి వస్తుంది, రుచి పూర్తిగా రాదు.

బ్లూబెర్రీ సాస్‌ని పాన్‌కేక్ పిండిలోనే కలిపి కాలిస్తే అక్కడక్కడా పచ్చటి మచ్చలు వస్తాయి, పిండిలో సోడా వల్ల. తినొచ్చు, ఏం కాదు.

బెల్లంతో చేస్తే నల్లగానే ఉంటుంది. రుచి నాకు ఇష్టమే, నల్లటి సాస్ మీకు ఇష్టమో కాదో మీరే చూసుకోవాలి.

ఓట్స్‌లో పాలు విరిగిపోయాయి

ఇది పొద్దున్నే స్కూలు హడావిడిలో జరుగుతుంది కాబట్టి బాధ ఎక్కువ. పొగలు కక్కే పాలలో పుల్లటి సాస్ కలిపితే పనీర్‌కి విరగ్గొట్టినట్టే విరుగుతాయి, అది పాల తప్పు కాదు. ఓట్స్ వండి, గిన్నెలోకి తీసి, పిల్లలు తినగలిగేంత చల్లారాక, చల్లటి సాస్ పైన వెయ్యండి, కలపకుండా పక్కపక్కన తినడం ఇంకా మంచిది. పెరుగుకి ఈ బాధ లేదు, కానీ మామూలు పెరుగులో కలిపితే నీళ్ళు వదిలి గిన్నె నిండా గులాబీరంగు మజ్జిగ అవుతుంది. గంటసేపు గుడ్డలో వేలాడదీసిన పెరుగైతే పైన పోసిన సాస్ పైనే ఉంటుంది. ఐస్‌క్రీం మీద వేడిగా పోస్తే కరుగుతుంది, చీజ్‌కేక్ మీద వేడిగా పోస్తే జారిపోతుంది, రెండింటికీ ఫ్రిజ్‌లో చల్లబెట్టిందే.

చప్పగా ఉంది

తీపి ఉంది, పులుపు ఉంది, అయినా ఏదో లేదు అంటే ఉప్పు వెయ్యలేదు. చిటికెడు వేసి చూడండి. సీజన్ చివర్లో వచ్చే నీళ్ళ స్ట్రాబెర్రీలైతే పండులోనే రుచి లేదు, ఎంత వండినా రాదు, వాటిని కొద్దిగా ఎక్కువ ఇగరబెట్టి చివర్లో నిమ్మతొక్క తురుము చిటికెడు వెయ్యండి, తెల్లభాగం పడకుండా, అది చేదు.

అడుగంటింది

గోకకండి. పైది వేరే గిన్నెలోకి ఒంపి రుచి చూడండి, మాడు వాసన ఎక్కితే పారెయ్యడమే, పంచదార పెంచినా యాలకులు వేసినా ఆ వాసన పోదు.

బూజు, పులిసిన వాసన

ఇది సాస్, జామ్ కాదు. జామ్‌లో సగానికి పైగా పంచదారే కాబట్టి నిలవ ఉంటుంది, దీంట్లో పంచదార అంత లేదు. కడిగి పూర్తిగా ఆరబెట్టిన గాజుసీసాలో ఫ్రిజ్‌లో వారం, అంతే లెక్క. ఎంగిలి చెంచా పెట్టొద్దు, తడి చెంచా పెట్టొద్దు, ఆవకాయ జాడీకి ఉన్న మడి దీనికీ ఉండాలి. ఎంగిలికి ఇంకో సంగతి కూడా ఉంది, మన ఉమ్మిలో పిండిపదార్థాన్ని కరిగించే గుణం ఉంది, కార్న్‌ఫ్లోర్‌తో చేసిన కస్టర్డ్‌లో రుచి చూసిన చెంచా మళ్ళీ ముంచితే కాసేపటికి నీళ్ళవడం అందుకే. పులుపున్న బెర్రీ సాస్‌లో ఆ ప్రభావం తక్కువ, కానీ బూజుకి మాత్రం దారి తెరిచినట్టే. పైన చిన్న మచ్చ కనిపించినా ఆ ముక్క తీసేసి మిగతాది వాడకండి, పల్చటి పదార్థంలో బూజు కనిపించినంత మేరే ఉండదు.

ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే స్పాంజిలా అయింది

కార్న్‌ఫ్లోర్ గడ్డకట్టి కరిగితే నీళ్ళు కక్కేస్తుంది. నిలవ చెయ్యాలనుకుంటే కార్న్‌ఫ్లోర్ లేకుండా పండు, పంచదార ఇగరబెట్టి, ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టాక కవర్‌లో వేసుకోండి, రెండు మూడు నెలలు బానే ఉంటుంది. కావాల్సినప్పుడు నాలుగు ముక్కలు కరగబెట్టి అప్పుడే పావు టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ పోసి ఒక్క నిమిషం, తర్వాత నిమ్మరసం. మార్చిలో చవగ్గా దొరికినప్పుడు నేను రెండు కిలోలు ఇలాగే చేసి పెట్టుకుంటా.

మిగతావి

పైన నురగ వస్తే చెంచాతో తీసెయ్యండి, తియ్యకపోయినా ఏం కాదు. రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ గింజలు పళ్ళలో ఇరుక్కుంటుంటే కార్న్‌ఫ్లోర్ పోసేముందు జల్లెడలో గరిటె వెనకతో నొక్కి వడకట్టండి, పోసాక వడకడితే సగం జల్లెడకే అంటుకుపోతుంది. పంచదార పలుకులు కట్టడం ఇన్నేళ్ళలో నేను రెండుసార్లే చూశా, రెండుసార్లూ పంచదార కరగకముందే పెద్దమంట పెట్టారు, రెండు చెంచాల నీళ్ళు పోసి వేడి చేస్తే కరిగిపోయింది.